ముప్ఫయ్యేళ్ళు దాటాక, అదీ బైపీసీ వాడు, డేటా ఉద్యోగం కోసం మళ్ళీ చదువుకోవాలా?

మీ ప్రశ్న చదివాను. వయసు 32, ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఒంగోలులో మెడికల్ రెప్ ఉద్యోగం, డేటా అనలిస్టు కావాలని కోరిక. రిజైన్ చేసి రెండేళ్ళు కాలేజీలో కూర్చోవాలా, లేక హైదరాబాదులో మూణ్ణెల్ల కోర్సు సరిపోతుందా అని అడిగారు.

చదవండి. రిజైన్ మాత్రం చేయకండి. మూణ్ణెల్ల కోర్సు జోలికి అసలు పోకండి. ఇంతటితో ఆపేయొచ్చు కానీ, నేనూ బైపీసీ బాపతే కాబట్టి చెప్పాల్సింది కొంచెం ఉంది.

పదో తరగతిలో నాకు లెక్కలు బాగానే వచ్చేవి. ఇంట్లో అందరూ డాక్టరు డాక్టరు అని కలవరించారు కాబట్టి బైపీసీలో పడేశారు. ఎంసెట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. నెల్లూరు జిల్లాలో ఆ తరవాతి దారి తెలిసిందేగా: బీఎస్సీలో ఆక్వాకల్చర్, ఆ పైన ఒక మేత కంపెనీలో టెక్నీషియన్ ఉద్యోగం. బ్యాగులో నీళ్ళు పరీక్ష చేసే కిట్టు పెట్టుకుని, బైకు మీద ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా రొయ్యల గుంటల చుట్టూ తిరగడమే పని.

పదిహేనేళ్ళ పిల్లల్ని పట్టుకుని "ఇంక నీకు ఈ జన్మలో లెక్కలతో పనిలేదు పో" అని పంపించే పద్ధతి ఎవరు పెట్టారో గానీ, వాళ్ళకి ఒక దణ్ణం. మందు డోసు లెక్కే, రొయ్యకి వేసే మేత లెక్కే. మీరు డాక్టర్ల ముందు తెరిచి చూపించే రంగుల బ్రోచర్లలో కింద చిన్న అక్షరాల్లో ఉండే "పీ వాల్యూ", అంటే మందు ఫలితం కేవలం యాదృచ్ఛికంగా వచ్చిందేమో చూసే అంకె, అదీ లెక్కే. అది చదివి అర్థం చేసుకునే అర్హత బైపీసీ వాడికి లేకుండా చేశారు. 2025లో మన ఇంటర్ బోర్డు ఎంబైపీసీ అని తెచ్చింది, బైపీసీ పిల్లలు లెక్కలు కూడా తీసుకోవచ్చు. సంతోషం. మన బ్యాచ్‌లకి మాత్రం ఒరిగిందేమీ లేదు.

సరే, నన్ను మళ్ళీ పుస్తకాల దగ్గరికి తోసిన సంగతి చెబుతాను. మైపాడు దగ్గర ఒక పెద్దాయన గుంట లీజుకి తీసుకుని వనామీ రకం రొయ్య వేశాడు. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, తెల్లవారుజామున నేనూ గట్టు మీదే ఉన్నాను. నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆపేశారు, వల లాగేశారు. క్రేట్లు వరసగా పేర్చి ఐస్ కొడుతున్నారు. కొనే కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ఒక క్రేటులోంచి రొయ్యలు దోసిట్లోకి తీసి కాటా మీద పోశాడు. సరిగ్గా కేజీ తూగే దాకా ఒకటి తీయడం, ఒకటి వేయడం. ఆ తరవాత రెండేసి చొప్పున పక్క బేసిన్లోకి వేస్తూ పైకి లెక్కపెట్టాడు. 59 వచ్చాయి. కౌంటంటే అదే, కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత. కౌంటు పెరిగితే రొయ్య చిన్నది, రేటు తగ్గుతుంది.

అంతకు ముందు రోజు విసురు వల వేసి మేం చూసినప్పుడు 55 వచ్చింది. పెద్దాయన ఇంకో క్రేటు చూడమన్నాడు. చూస్తే 54. కుర్రాడు ఒప్పుకోలేదు, మూడోది తీశాడు. 58. ఇద్దరి గొంతులూ లేచాయి. "మీ కాటాలో తేడా ఉంది" అని ఒకరు, "మీ గుంటలో సైజు కలవలేదు" అని ఒకరు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఎండెక్కితే సరుకు మెత్తబడుతుందని కూలీలు తొందర పెడుతున్నారు. అప్పుడు పెద్దాయన నా వైపు తిరిగి, "అబ్బయ్యా, నువ్వు చదువుకున్నోడివి గదా. ఇన్ని టన్నుల సరుక్కి ఎన్ని కేజీలు లెక్కబెడితే న్యాయం? ఒకటి చాలదని తెలస్తానే ఉండాది. పదా, ఇరవయ్యా? ఆ మాట చెప్పు, దానికే కట్టుబడతాం" అన్నాడు.

కుర్రాడు కూడా నా మొహమే చూస్తున్నాడు. నాకే కాదు, ఫోన్ చేస్తే మా ఏరియా మేనేజరుకీ తెలియదు. "మధ్యలో ఏదో ఒకటి సెటిల్ చేయించు" అన్నాడు. 57కి సెటిలైంది. కేజీ మీద తేడా కొన్ని రూపాయలే. టన్నుల మీద వేస్తే ఆ ఇంట్లో పిల్లల కాలేజీ ఫీజంత.

ఈ ప్రశ్నకి జవాబు ఉందని, అదీ డిగ్రీ స్టాటిస్టిక్స్ మొదటి పుస్తకంలోనే ఉందని నాకు చాలా తరవాత తెలిసింది. రొయ్య సగటు బరువు 18 గ్రాములు అనుకోండి. అన్నీ ఒకే సైజు ఉండవు కదా, ఆ తేడా, అంటే స్టాండర్డ్ డీవియేషన్, మూడున్నర గ్రాములు అనుకోండి. కేజీకి దాదాపు 55 రొయ్యలు. 55కి వర్గమూలం ఏడున్నర లోపు. మూడున్నరని దాంతో భాగిస్తే దగ్గర దగ్గర అర గ్రాము. అంటే కేజీ రొయ్యలు లెక్కపెట్టి తీసిన సగటు మామూలుగానే అటూ ఇటూ దానికి రెండింతలు, అంటే ఒక గ్రాము దాకా ఊగుతుంది. 17 గ్రాములైతే కౌంటు 59, 19 అయితే 53. ఎవరూ ఎవర్నీ మోసం చేయకుండానే ఒకే గుంట సరుకులో 53 నుంచి 59 దాకా ఏ అంకైనా రావచ్చు! ఆ ఊపు సగానికి తగ్గాలంటే నాలుగు కేజీలు లెక్కపెట్టాలి, నాలుగో వంతుకి తగ్గాలంటే పదహారు. ఇదంతా రొయ్యల్ని కలగలిపి తీసినప్పటి మాట. చిన్నవి చేరిన క్రేటునే ఏరుకుని తీస్తే వంద కేజీలు లెక్కపెట్టినా తప్పు తప్పే.

వడ్ల దగ్గరా ఇదే కథ. మా నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. గుప్పెడు గింజలు తేమ మిషన్లో పోస్తారు, 17 శాతం దాటిందంటారు, కోత పెడతారు. ఆ గుప్పెడు ఏ బస్తాలోంచి, ఏ మూల నుంచి తీశారని అడిగేవాడు లేడు. ఇది వేరే గొడవ, దీని మీద విడిగా రాయాలి.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇది. జవాబు కావాల్సిన ప్రశ్న ఒకటి మీ పనిలోనే మిమ్మల్ని గిల్లుతుంటే చదువు ఎక్కుతుంది. "డేటా సైన్స్‌కి జీతాలు బాగుంటాయట" అని మొదలుపెట్టినవాళ్ళలో చివరిదాకా నిలబడ్డవాళ్ళని నేను ఒక్కర్ని కూడా చూడలేదు. మహలనోబిస్‌ని చూడండి. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఆయన, ఆ దశకం చివర్లో పట్టుకున్న పని బెంగాల్‌లో జనపనార ఎన్ని ఎకరాల్లో ఉందో శాంపిల్ సర్వేతో తేల్చడం. పొలం గట్ల మీద తేల్చాల్సిన లెక్క అది. మన తెలుగాయన సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో అదే సంస్థలో చేరారు. 1945లో రాసిన ఒక్క పేపరుతో ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కారు. 2023లో 102 ఏళ్ళ వయసులో పోయారు, అదే ఏడాది అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద పది మందిని ఆపి ఆయన ఎవరని అడగండి, ఒక్కరు చెబితే నేను టీ తాగిస్తాను.

ఇక కాలేజీ విషయం. బీజెడ్‌సీ వాళ్ళకి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ తలుపు మామూలుగా మూసే ఉంటుంది, డిగ్రీలో లెక్కలో స్టాటిస్టిక్సో ఉండాలంటారు. కాబట్టి "రెండేళ్ళు కాలేజీలో కూర్చోవడం" అనే ఆలోచన మీకు ఎటూ కుదిరేది కాదు. నేను పట్టుకున్నది ఐఐటీ మద్రాసు వాళ్ళు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ. ఇంటర్ పాసై, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు ఉంటే చాలు. ఆ పదో తరగతి అన్న ఒక్క మాట చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. వయసు పరిమితి లేదు. జేఈఈ అక్కర్లేదు, వాళ్ళే నాలుగు వారాల పాఠాలు చెప్పి క్వాలిఫయర్ పరీక్ష పెడతారు. పాఠాలు ఇంట్లో కూర్చుని వినొచ్చు, పరీక్షలు మాత్రం సెంటరుకి వెళ్ళి రాయాలి. నేను చెన్నై పెట్టుకున్నాను. మధ్యలో ఆపేసినా ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ అని ఎంతవరకు పూర్తిచేస్తే అంతవరకు సర్టిఫికెట్ ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకి, ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకి ఫీజులో రాయితీ ఉంది, అప్లై చేసే ముందే కాగితాలు సిద్ధం చేసుకోండి.

తేలిక అనుకోకండి. రెండో లెక్కల పేపరులో మాత్రికలు, వెక్టార్లు వచ్చేసరికి నాకు చుక్కలు కనిపించాయి. ఇంటర్ ఎంపీసీ వాళ్ళ పాత తెలుగు అకాడమీ పుస్తకాలు కొనుక్కొచ్చి మొదటి నుంచి చేశాను. మీరూ అదే చేయండి, అదీ కోర్సులో చేరక ముందే. అన్నీ అక్కర్లేదు. ఫస్టియర్‌లో మాత్రికలు, అవధులు, అవకలనం, సెకండియర్ 2ఎలో ప్రస్తారాలు సంయోగాలు, విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు చాలు. వృత్తాలు, పరావలయాలు వదిలేయండి, వాటితో మనకి పనిలేదు. రోజూ డ్యూటీ అయ్యాక గంటసేపు పెన్ను పట్టుకుని లెక్కలు చేయగలుగుతున్నారా లేదా చూసుకోండి. వీడియోలు చూడటం చదువు కింద రాదు. నెల తిరిగేసరికి పుస్తకం తెరవడమే బరువుగా ఉంటే, ఫీజు కట్టే ముందే తెలిసింది కాబట్టి లాభమే.

పైథాన్ గురించి అందరూ భయపెడతారు. అది కంప్యూటరుకి పని చెప్పే భాషే కదా, వస్తుంది. అసలు కష్టం సంభావ్యతతోనే.

మూణ్ణెల్ల కోర్సుల సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. మా పిన్ని కొడుకు అమీర్‌పేటలో ఒకచోట చేరాడు. హాస్టలు, ఫీజు కలిపి పొలం మీద అప్పు తెచ్చారు. అక్కడ నేర్పింది ఎక్కడో టైటానిక్ ఓడ ప్రయాణికుల ఫైలు పెట్టుకుని ఎవరు బతుకుతారో చెప్పడం. దేశంలో ఇలాంటి ప్రతి కోర్సులోనూ అదే ఫైలు, అందరి రెజ్యూమెల్లోనూ అదే ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో "ఈ మోడల్ ఎందుకు తీసుకున్నావు" అంటే వీడు నోరు తెరవలేదు. పైగా ఆ సంస్థ వాళ్ళే చేయని ఉద్యోగానికి అనుభవం ఉన్నట్టు రాసుకోమన్నారట.

నాకు ఇప్పటి ఉద్యోగం వచ్చింది డిగ్రీ పూర్తయ్యాక కూడా కాదు, డిప్లొమా మధ్యలో. ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో కొనుగోలు లెక్కలు చూస్తాను. ఇంటర్వ్యూలో నాతో పాటు బీటెక్ వాళ్ళు కూర్చున్నారు, కోడింగ్‌లో నాకంటే గట్టివాళ్ళు. కౌంటు ఎలా తీస్తారో, ఒకే గుంట సరుకులో అంకె ఎందుకు మారుతుందో నేను బోర్డు మీద పైన రాసిన లెక్కే వేసి చూపించాను. ఇంకేమీ అడగలేదు. జీతం మొదట్లో టెక్నీషియన్ జీతం కంటే ఏమంత ఎక్కువ కాదు, పెట్రోలు అలవెన్సు పోయింది కాబట్టి ఇంట్లో కొన్నాళ్ళు సణుగుడు కూడా. "ఈ వయసులో చదువేంది, ఆ డబ్బుతో అరెకరం లీజుకి తీసుకోకుండా" అనే చుట్టాలు మీకూ ఉంటారు. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు లీజుకి తీసుకున్నవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో చూశాక ఆ సణుగుడు ఆగింది.

మీ చేతిలో నాకంటే మంచి డేటా ఉంది. ఏ డాక్టరు ఏ మందు రాస్తాడు, ఏ స్టాకిస్టు దగ్గర ఎంత కదిలింది, అన్నీ మీ ఫోన్లోనే. పోయిన రెండేళ్ళ నెలవారీ అమ్మకాలు ఎక్సెల్‌లో పెట్టి, ఒక్కో ఏరియాకి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ తీయండి. టార్గెట్ కంటే తగ్గిన నెలలన్నీ మామూలు ఊగిసలాటలో వచ్చినవేనా, నిజంగా పడిపోయినవా అని విడదీయండి. ఒంగోలు, కందుకూరు విడివిడిగా చేయండి, కలిపేయకండి. కందుకూరుని 2022లో నెల్లూరు జిల్లాలోకి మార్చి, 2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలో కలిపారు కాబట్టి పాత షీట్లలో అది ఎక్కడ చూపించారో ముందు చూసుకోవాలి. ఈ పనికి ఏ కాలేజీ అక్కర్లేదు, ఒక ఆదివారం చాలు. చేస్తుంటే నిద్ర రాకపోతే క్వాలిఫయర్‌కి అప్లై చేయండి. నిద్ర వస్తే, ఆ షీటు నెలాఖరు మీటింగులో టార్గెట్ దగ్గర మీ మేనేజరుతో వాదించడానికైనా పనికొస్తుంది.