జపాన్ పాప కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. టోక్యోలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడి పిల్లల ఇంటి సంగతులు రాయాలనుకోవడం బాగుంది. కానీ చదువుతున్నంతసేపూ ఆ పాప కాదు, పాపని చూసి మురిసిపోతున్న నువ్వే కనిపించావు. ఆరేళ్ల పిల్ల అమ్మానాన్నా తోడు లేకుండా బడికి నడిచి వెళ్తుందని పేజీకోసారి ఆశ్చర్యపోయావు. ఆ పాపకి అందులో వింతేముంది? పక్కింటి పిల్లలూ అలాగే వెళ్తారు. మనూళ్లో పిల్లలు ఆటోలో ఇరుక్కుని బడికి పోతుంటే నువ్వెప్పుడైనా ముక్కున వేలేసుకున్నావా?

పాప టెన్షన్లు వేరే ఉంటాయి. వాటిని ఇంట్లో వెతుకు.

స్నానం సంగతే తీసుకో. "తొట్టిలో స్నానం చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ ముందు తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో రుద్దుకుని, శుభ్రంగా కడుక్కుంటారు. ఆ తర్వాతే వేణ్నీళ్లలోకి దిగడం. అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగాలి కాబట్టి ఒంటి మీద నురగ ఉంటే తిట్లు తప్పవు. వేడి పోకుండా మధ్యలో తొట్టికి మూత వేస్తారు. మరి ముందెవరు? అన్నకి టీవీ ప్రోగ్రాం టైమైపోతోంది, పాపకేమో నీళ్లు చుర్రుమంటున్నాయి. దిగాక కూడా, ఇన్ని అంకెలు లెక్కపెడితే గానీ లేవకూడదని అమ్మ షరతు. పాప ఏ అంకెలు మింగేసి లేచిందో అది రాయి.

వేసవి సెలవులకి నువ్వు రెండు వాక్యాలే ఇచ్చావు. అక్కడ బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, సెలవులు చదువు మధ్యలో పడతాయి, అందుకే హోంవర్క్ వెంటపడుతుంది. ఒకటో తరగతి పిల్లలు చాలామంది బళ్లో కుండీలో పెంచిన అసగావో తీగని (పొద్దున్నే పూలు పూసే తీగ) ఇంటికి మోసుకొచ్చి, పూలు చూసి బొమ్మతో సహా రాసుకోవాలి. పొద్దున్న ఆరున్నరకి రేడియోలో వ్యాయామం వస్తుంది. చాలా పేటల్లో పిల్లలు మెళ్లో కార్డు వేసుకుని పార్కుకి వస్తారు, చేసినందుకు ముద్ర వేయించుకుంటారు. చేతులు సగమే ఎత్తి, ముద్ర కోసం మాత్రం అందరికన్నా ముందు నిలబడే పిల్లాడు నీ కథలో ఎందుకు లేడు?

ఇంకోటి. ఒనిగిరిని "జపాన్ పులిహోర" అన్నావు, అది తీసెయ్. నోరి అనే సముద్రపు నాచు రేకు చుట్టిన అన్నం ముద్ద, లోపల ఉప్పుచేప అంటే మనవాళ్లకి తెలుస్తుంది.

మొత్తం తిరగరాయకు. ముందు ఆ స్నానాల గొడవ ఒక్కటి రాసి పంపు. క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఉన్న చివరి పేరా అక్కర్లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య