టైట్రేషన్ లెక్కలో ఎప్పుడూ సగమే వస్తోంది!

ప్రశ్న: బీఎస్సీ ఫస్టియర్ చదువుతున్నానండి, ఇంటర్ బైపీసీ, కెమిస్ట్రీలో మార్కులు బానే వచ్చాయి. ల్యాబ్‌లో 0.05 మోలార్ ఆక్సాలిక్ యాసిడ్ 20 మి.లీ. పిపెట్‌తో తీసి, బ్యూరెట్లోంచి సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే సరిగ్గా 20 మి.లీ. దగ్గర ఫినాఫ్తలీన్ ఇండికేటర్ లేత పింక్ అయింది. ఎం1వి1 = ఎం2వి2 (ఎం అంటే మోలారిటీ, అంటే లీటరుకి ఎన్ని మోల్స్; వి అంటే ఘనపరిమాణం) వేస్తే క్షారం 0.05 మోలార్ అని వస్తోంది, సార్ 0.1 అంటున్నారు. బేసిక్స్ అన్నీ మళ్లీ మొదట్నించి చదవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నీ ఏం అక్కర్లేదమ్మా, నీ రీడింగ్ కరెక్టే. ఆ ఫార్ములా ఉన్నది ద్రావణంలో నీళ్లు పోసి పల్చన చేసేటప్పటికి, అక్కడ పదార్థం ఒకటే కాబట్టి మోల్స్ మారవు. ఇక్కడ రెండు పదార్థాలు రియాక్ట్ అవుతున్నాయి కదా, ఒక ఆక్సాలిక్ యాసిడ్ అణువుకి రెండు సోడియం హైడ్రాక్సైడ్లు కావాలి. ఫార్ములా పక్కన పెట్టి మోల్స్ లెక్కెయ్యి. 0.02 లీటర్లు ఇంటూ 0.05, అంటే 0.001 మోల్ యాసిడ్, దానికి క్షారం 0.002 మోల్, అదంతా 0.02 లీటర్లలోంచే వచ్చింది కాబట్టి 0.1 మోలార్. సార్ చెప్పిందే!

బహుశా సీనియర్ల రికార్డులో ఎన్1వి1 = ఎన్2వి2 అని చూసి ఎన్ తీసి ఎం పెట్టుంటావ్. ఎన్ అంటే నార్మాలిటీ, ఒక యాసిడ్ అణువుకి ఎన్ని హైడ్రాక్సైడ్లు కావాలో చెప్పే ఆ 'రెండు' అందులో ముందే కలిసిపోయి ఉంటుంది, 0.05 మోలార్ ఆక్సాలిక్ యాసిడ్ అంటే 0.1 నార్మల్, అందుకే వాళ్లకి సరిపోయింది. ఇంటర్లో ఆప్షన్లు చూసి టిక్ పెట్టే అలవాటు మనతో చేయించే పనులివి.

ఇంకోటి, తూకం. ఆక్సాలిక్ యాసిడ్ స్ఫటికాల్లో ఒక్కో అణువుకి రెండు నీటి అణువులు కూడా ఉంటాయి, కాబట్టి అణుభారం 90 కాదు 126తో లెక్కెయ్యాలి, 250 మి.లీ.కి 1.575 గ్రాములు. నేను డిగ్రీలో 90తో వేసి వారం రోజులు బ్యూరెట్‌ని తిట్టుకున్నా. సోడియం హైడ్రాక్సైడ్‌ని అలా నేరుగా తూచి నమ్మలేం, బిళ్లలు తూస్తుండగానే గాల్లో తేమ లాగేసి చెమ్మగిల్లిపోతాయి, అసలు ఈ టైట్రేషన్ చేయించేదే అందుకు.

చదవాలంటే మోల్ దగ్గర మొదలెట్టు. డజను అంటే 12 ఎలాగో మోల్ అంటే 6.022 ఇంటూ పది పవర్ 23, అదొక లెక్క అంతే. ఏ ప్రాబ్లమ్ అయినా ముందు బ్యాలెన్స్ చేసిన సమీకరణం, తర్వాత మోల్స్, ఆఖర్న గ్రాములో లీటర్లో, ప్రతి లైన్లో యూనిట్లు రాస్తూ వెళ్లు. ఈసారి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఇదే లెక్క వేసి చూడు, ఆ తర్వాత హైడ్రోక్లోరిక్‌తో. దాంతో మాత్రం నీ ఎం1వి1 సరిపోతుంది, ఎందుకో రికార్డులో ఒక లైను నువ్వే రాసుకో.