షెడ్డు కడిగిన నీళ్లు వాగులోకి పోతున్నాయి, ఇంకో 10 పశువులు కొనవచ్చా?

ప్రశ్న: సార్, నాకు 8 సంకరజాతి ఆవులు, 6 గేదెలు, 5 ఎకరాల పొలం ఉన్నాయి. షెడ్డు పక్కనే వాగు ఉంది, రోజూ కడిగిన నీళ్లు అందులోకే పోతున్నాయి. ఎండాకాలం వస్తే వాగు నాచు పట్టి వాసన కొడుతోందని కింది రైతులు గొడవకు వస్తున్నారు. పశువుల వల్లే భూమి వేడెక్కుతోందని కూడా అంటున్నారు. ఇంకో 10 పశువులు కొందామనుకుంటుండగా ఈ టెన్షన్ పట్టుకుంది. పాడి మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదండీ. కానీ ఆ 10 పశువుల బేరం మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి, ఎందుకో చెప్తాను.

ముందు వాగు సంగతి. కింది రైతులు అంటున్నది నిజమే. పేడనీళ్లలో ఉండే నత్రజని, భాస్వరం తిని నాచు ఏపుగా పెరుగుతుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తుంది, అప్పుడే చేపలు తేలిపోతాయి. పాలు తెల్లగా ఉంటాయి కదా, ఏమవుతుందిలే అనుకుని క్యాన్లు కడిగిన నీళ్లు, పొదుగువాపు పాలు వాగులో పోసేవాళ్లున్నారు. లీటరుకు లీటరు చూస్తే పాలు పేడనీళ్ల కంటే ఎక్కువ ఆక్సిజన్ తినేస్తాయి, అందుకని ఒక్క చెంబు కూడా పోయొద్దు. బావి దగ్గర్లో ఉంటే ఇంకా జాగ్రత్త, నత్రజని నైట్రేట్‌గా మారి భూమిలోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఎక్కువైతే ముందు ముప్పు పాలడబ్బా పట్టే పసిపిల్లలకే. ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి.

రేపటి నుంచే చేయగలిగిన పని ఒకటుంది. నీళ్లు కొట్టకముందే పేడంతా పారతో ఎత్తేయండి. పేడ ఎత్తకుండా పైపు పట్టుకోవడం వల్లే సగం బాధ, నీళ్లూ ఎక్కువ పడతాయి, ఎరువూ పోతుంది. మిగిలిన కడుగు నీళ్లు వాగు వైపు కాకుండా రెండో వైపు తొట్టిలోకి మళ్లించి పచ్చిగడ్డికి పారించండి. షెడ్డు కప్పు మీద పడే వాన నీటికి వేరే కాలువ పెట్టండి, లేకపోతే ఒక్క పెద్ద వానకే తొట్టి పొంగి అంతా మళ్లీ వాగులోకే పోతుంది. వాగు గట్టు వెంబడి కనీసం 10 మీటర్ల మేర గడ్డి, చెట్లు పెరగనివ్వండి, అక్కడ ఎరువు చల్లొద్దు. పశువులను వాగులోకి దింపకుండా తాగే నీళ్లు తొట్టిలోనే పెట్టండి, వాటి కాళ్లకు గట్లు తెగిపోతాయి.

ఇక పశువుల లెక్క. పెద్ద పశువు రోజుకు 20 కిలోల పేడ వేస్తుందనుకుంటే మీ 14 పశువులకు 280 కిలోలు, అంటే ఏడాదికి 100 టన్నుల పైమాటే. మాగేసరికి 40 టన్నుల ఎరువు మిగులుతుందనుకుందాం. ఎకరాకు 4 టన్నుల చొప్పున మీ 5 ఎకరాలకు పట్టేది 20 టన్నులే. 2 ఎకరాల్లో నేపియర్ గడ్డి పెట్టి అక్కడ రెట్టింపు వేసినా మొత్తం 28 టన్నులు. ఉన్న పశువుల ఎరువే మీ పొలానికి ఎక్కువైంది, ఇంకో 10 వస్తే ఎక్కడ వేస్తారు? షెడ్డులో చోటుంది కదా అని పశువులను కొనొద్దు, పేడను పీల్చుకునే పొలం ఎంత ఉందో చూసి కొనాలి. ఎరువు తీసుకుంటామని పక్క రైతులు గట్టిగా మాట ఇస్తే అప్పుడు ఆలోచిద్దాం.

గోబర్ గ్యాస్ పెట్టుకోవడం మంచిదే. రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపితే 2 ఘనపు మీటర్ల ప్లాంటు నడుస్తుంది, ఒక కుటుంబం వంటకు సరిపోతుంది. అయితే గ్యాస్ తయారైనంత మాత్రాన పేడలోని నత్రజని ఎక్కడికీ పోదు, బయటికొచ్చే స్లర్రీలోనే ఉంటుంది, దాన్నీ పొలానికే చేర్చాలి. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి లీకు చూసుకుంటూ ఉండండి, కారేది భూమిని వేడెక్కించే మీథేన్ వాయువే.

భూమి వేడెక్కడం గురించి అడిగారు. పశువు నెమరు వేసేటప్పుడు పొట్టలోని సూక్ష్మజీవులు చేసే మీథేన్ చాలావరకు త్రేన్పులతో నోటి నుంచే బయటికొస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మీకు ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది, మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం ఇలా గాలిలో కలిసిపోతుంది. ఎండుగడ్డి ఒక్కటే పెడితే లీటరు పాలకు పడే మీథేన్ పెరుగుతుంది. పచ్చిమేతలో మూడో వంతు అలసంద, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత ఉండేలా చూడండి. నూనె తీసిన గింజల చెక్క మాత్రం అవసరానికి మించి పెట్టొద్దు, మిగులు మాంసకృత్తులు మూత్రంలో యూరియాగా పోయి అమ్మోనియా అవుతాయి. పొద్దున షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండుతున్నాయంటే మీరు కొన్న చెక్కే గాలిలో కలుస్తోందని అర్థం.

ఎద గుర్తించక 18 నెలలకు ఒకసారి ఈనే ఆవు, 13, 14 నెలలకు ఈనే ఆవు కంటే ఎక్కువ కాలం వట్టిపోయి తింటుంది, త్రేన్పులు మాత్రం ఆగవు. నన్నడిగితే కొత్త పశువులకు పెట్టే డబ్బు కంటే ఉన్నవాటి ఎద, చూడి తేదీలు రాసుకునే ఒక నోటు పుస్తకమే మీకు ఎక్కువ పాలు తెస్తుంది.

ఇంకొకటి, ఎవరూ అంతగా పట్టించుకోని విషయం. పశువులకు ఐవర్‌మెక్టిన్ లాంటి నట్టల మందు వేశాక దాని అంశ పేడలో కొన్ని వారాలు ఉండి పేడపురుగుల పిల్లలను చంపుతుంది. ఆ పురుగులే పేడను నేలలోకి దించి ఈగలు తగ్గిస్తాయి. ఆస్ట్రేలియాలో ఆవుల పేడను నేలలో కలిపే పురుగులు సరిపడా లేక, 1960ల నుంచి బయటి దేశాల నుంచి తెచ్చి వదిలారు, అంత విలువైనవి అవి. అందుకే లెక్కపెట్టి మూడు నెలలకోసారి అన్నిటికీ మందు పోయకుండా, ముందు పేడ పరీక్ష చేయించి డాక్టరు చెప్పినవాటికే వేయండి. పాలిచ్చే పశువులకైతే ఆయన్ని అడగకుండా వేయనే వద్దు.

ఒక వారం పాటు పేడ ముందే ఎత్తి, ఆ తర్వాత రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లతో కడుగుతున్నారో కొలిచి రాయండి. షెడ్డు నేల వాలు ఎటుందో, బావి ఎంత దూరమో కూడా చెప్తే తొట్టి ఎంత సైజులో, ఎక్కడ కట్టాలో లెక్క వేసి చెప్తాను.