కంప్యూటర్స్ చదివిన అమ్మాయి ఆంత్రోపాలజీ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్స్‌లో డిగ్రీ చేసి, ఇప్పుడు విదేశంలో ఆంత్రోపాలజీ, అంటే మనుషుల్నీ సమాజాల్నీ అధ్యయనం చేసే మానవ శాస్త్రం, చదువుతానంటోంది. ఆ సబ్జెక్టు ఇదివరకు చదవలేదు కదా, సీటిస్తారా? ఎమ్మే మేలా, పీహెచ్‌డీ మేలా? ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ అయితే త్వరగా ఉద్యోగం వస్తుందంటున్నారు, నిజమేనా?
- ఒక తండ్రి

జవాబు: సీటు గురించి బెంగ వద్దండీ. ఏ డిగ్రీ చదివినవాళ్లనైనా తీసుకునే డిపార్ట్‌మెంట్లు చాలానే ఉన్నాయి. మహా అయితే ఒకటి రెండు ప్రాథమిక కోర్సులు చేయమంటారు. స్కోర్లూ పరీక్షల సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, వదిలేద్దాం. వాళ్లు ముఖ్యంగా చూసేది ఆమె ఏ ప్రశ్న పట్టుకుని వస్తోందో, ఆ ప్రశ్న మీద పనిచేసే ప్రొఫెసర్ తమ దగ్గర ఉన్నారో లేదో. 'మనుషులంటే ఆసక్తి' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. యాప్ చెప్పినట్టు నడుచుకునే డెలివరీ కార్మికులు ఆ యాప్‌ను ఎలా ఏమారుస్తున్నారు అని రాసిందనుకోండి, చదివిన కంప్యూటర్సూ కలిసొస్తుంది.

ఇక ఫోరెన్సిక్. క్రైమ్ సీరియళ్ల పుణ్యమా అని ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు ఇదే అడుగుతున్నారు. దొరికిన ఎముకల్ని బట్టి వయసు, ఎత్తు, తగిలిన దెబ్బలు అంచనా వేసే పని అది. గొప్ప పనే, కానీ దగ్గరి దారి కాదు. అమెరికాలో దీనికి 1977లో ఏర్పడిన బోర్డు ఒకటుంది. నిపుణులుగా గుర్తింపు కావాలంటే డాక్టరేట్ తప్పదు, ఆపైన అనుభవమూ కావాలి. పూర్తికాలం పోస్టులు తక్కువ. చాలామంది యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ, పిలుపొచ్చినప్పుడు కేసులు చూస్తారు. అందుకే, ఏడాది కోర్సు చేస్తే చాలు నిపుణులైపోతారన్న ప్రకటనల్ని నేను నమ్మను. పైగా శరీర నిర్మాణం, ఎముకల శాస్త్రం, స్టాటిస్టిక్స్ మీద ఏళ్ల తరబడి ల్యాబ్‌లో కూర్చోవాలి. అది మీ అమ్మాయి కోరుకున్నదా, మీరు వెతికిపెట్టిందా? ఇంత ఉత్తరం రాశారు, ఆమె దేని గురించి చదవాలనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. కోపం తెచ్చుకోకండి, ముందు ఆమెను అడగాల్సింది పోయి నన్ను అడుగుతున్నారు.

ఎమ్మే అంటే ఏడాది నుంచి రెండేళ్లు. కోర్సులు, చివర థీసిస్సో సమగ్ర పరీక్షో ఉంటుంది. ఎక్కువగా సొంత ఖర్చే. పీహెచ్‌డీ వేరే లోకం. అమెరికాలో మొదటి రెండు మూడేళ్లు కోర్సులు, తర్వాత పరిశోధనకు సిద్ధమో కాదో తేల్చే క్వాలిఫయింగ్ పరీక్షలు. చాలాచోట్ల మరో భాష వచ్చని నిరూపించుకోవాలి. పరిశోధన ప్రతిపాదన ఒప్పించి, ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకుని, ఏడాదో అంతకన్నా ఎక్కువో జనం మధ్య ఉండి ఫీల్డ్‌వర్క్ చేయాలి. 1915-18 మధ్య మలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో, అక్కడివాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే గడిపాడు. ఆ పద్ధతి ఈ చదువుకు ఇప్పటికీ ప్రాణం. ఫీల్డ్‌వర్క్ నుంచి తిరిగొచ్చి డిసర్టేషన్ (పరిశోధన గ్రంథం) రాసి, కమిటీ ముందు సమర్థించుకునేసరికి మొత్తం ఏడెనిమిదేళ్లు పట్టడం మామూలే. ఎక్కువమంది వెనక్కి తగ్గేది ఈ కాలాన్ని చూసే.

మీ అసలు భయం, అమ్మాయి ఎప్పటికి స్థిరపడుతుందన్నది. డబ్బు మాటకొస్తే మీరు ఊహించిన దానికి తలకిందులు: మంచి పీహెచ్‌డీ ప్రోగ్రాముల్లో ఫీజు మాఫీ, స్టైపెండు కలిపే సీటిస్తారు. ఫీల్డ్‌వర్క్‌కు వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు గ్రాంట్లిస్తాయి, ఏ దేశం వాళ్లయినా అడగొచ్చు. మధ్యలో చాలనుకుంటే ఎమ్మే పట్టాతో బయటికి వచ్చే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంది. ప్రొఫెసర్ ఉద్యోగాలు తక్కువన్నది నిజం. కానీ మనుషులతో ఓపిగ్గా మాట్లాడి, వాళ్లు చెప్పేదానికీ చేసేదానికీ తేడా పసిగట్టగలిగినవాళ్లు ప్రజారోగ్యంలో, మ్యూజియాల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వాడకందార్ల తీరును గమనించే యూజర్ రీసెర్చ్‌లో పనిచేస్తున్నారు. ఆమె దగ్గరున్న కంప్యూటర్స్ డిగ్రీ ఎక్కడికీ పోదు.

ఇంకా మనసు నిలవకపోతే, ఒకటి రెండేళ్ల ఎమ్మేతో మొదలుపెట్టనివ్వండి. పీహెచ్‌డీకే దరఖాస్తు చేస్తే మాత్రం ఆఫర్ లెటర్లో స్టైపెండు ఎన్నేళ్లు రాశారో, ఫీల్డ్‌వర్క్ చేసే ఏడాదికి కూడా అది వర్తిస్తుందో లేదో ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి.