అమ్మలూ, ఆ 24.8 గురించి

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచీ మనసు నీ దగ్గరే ఉంది. యాప్ "నార్మల్" అంటోంది, డాక్టరమ్మేమో బరువు ఎక్కువంటోంది, ఎవరి మాట నమ్మాలి పెద్దమ్మా అని అడిగావు. ఇద్దరి లెక్కా ఒకటే, బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత తగ్గట్టుందో చెప్పే అంకె. గీత గీసిన చోటు వేరు.

నీ ఎత్తు 1.58 మీటర్లు. ఎత్తును ఎత్తుతోనే హెచ్చిస్తే సుమారు 2.5. నీ 62 కిలోల్ని దాంతో భాగిస్తే 24.8. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ పెట్టిన గీత 25, అందుకే యాప్ నిన్ను వదిలేసింది. మన దేశంలో డాక్టర్లు 23 నుంచే ఎక్కువంటారు, 25 నుంచి ఊబకాయమే. అంకె అదే ఉన్నా తెల్లవాళ్లకంటే మనవాళ్లలో కొవ్వు పాలు ఎక్కువ, అదీ పొట్టలో చేరుతుంది. షుగర్ తొందరగా వస్తుంది.

నా సంగతే చూడు. నా అంకె ఎప్పుడూ 22 దాటలేదు. సన్నగా ఉన్నానని అందరూ అంటే నమ్మాను. నెలసరి ఆగిపోయిన రెండేళ్లకి లంగా బొందు చాలడం మానేసింది, బరువు మాత్రం పెరగలేదు. పట్టించుకోలేదు. 54వ ఏట షుగర్ బయటపడింది. ఆ రోజు టేపు పెట్టి చూస్తే నడుము 88 సెంటీమీటర్లు! మన ఆడవాళ్లకి 80 దాటకూడదట. తూకం మిషన్ ఎముక, కండ, కొవ్వు అన్నీ కలిపే తూస్తుంది కదా.

అందుకే నువ్వూ టేపు పెట్టుకో. చీర కట్టుకునే చోట కాదమ్మా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో. ఊపిరి మామూలుగా వదిలాక చూడు, పొట్ట లోపలికి లాక్కోకు.

నెలసరి రెండు నెలలకోసారి వస్తోందన్నావు, అది డాక్టరమ్మకి తప్పకుండా చెప్పు. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే జబ్బు అయితే, బరువులో నూటికి అయిదు వంతులు, అంటే నీకు మూడు కిలోలు తగ్గినా చాలామందికి తేడా కనిపిస్తుంది.

మీ వదిన కడుపుతో ఉంది, ఆమెకి ఈ లెక్క వెయ్యకండి. చెల్లి 18.5 కంటే తక్కువుంటే నాజూగ్గా ఉందని మురిసిపోకుండా రక్తపరీక్ష చేయించు.

రాత్రి అన్నం మానేసి కూర్చోకు. ఒక గరిటె అన్నం తగ్గించి రైతుబజారు కూర ఇంకో గరిటె వేసుకో, పప్పో చేపో తప్పకుండా ఉండాలి.

ఆదివారం పొద్దున్నే రా. బీచ్ రోడ్డులో ఆ వేళ బళ్లు ఆపేస్తారు. ఆరింటికి కాళీమాత గుడి ఎదురుగా ఉంటాను, ఇద్దరం నడిచొద్దాం.

నీ పెద్దమ్మ