కోసిన కొద్దీ వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, హనుమకొండలో మేం పొద్దున నడిచే అడవి పార్కులో వేప, కానుగ చెట్ల కింద కాంగ్రెస్ గడ్డి నడుము ఎత్తు పెరిగింది. ఏటా మిషన్‌తో కోయిస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ తెల్లగా పూస్తుంది. మా ఆయనకు చేతుల నిండా దద్దుర్లు. మందు కొట్టించాలా? మేం ఇరవై మందిమి ఉన్నాం, ఏమైనా చేయగలమా?

జవాబు: చేయగలరమ్మా, కానీ ముందు ఆ మిషన్ ఆపించండి. అది పైపైన కోస్తుంది, మొదలు భూమిలోనే ఉంటుంది, ఒక్క వాన పడితే అక్కణ్ణుంచే నాలుగు కొమ్మలేసుకుని లేస్తుంది. పూత మీద కోస్తే ఇంకా నష్టం, పార్కంతా గింజలు మనమే చల్లినట్టు; ఒక్కో మొక్కకు వేల గింజలుంటాయి, చెప్పులకు, బండి టైర్లకు అంటుకుని పోతాయి. పేరుకే గడ్డి గానీ ఈ వయ్యారిభామ పొద్దుతిరుగుడు కుటుంబంలోది, అమెరికా ఖండాల నుంచి వచ్చి 1950ల్లో పుణెలో కనబడింది.

తొలకరి పడ్డ రెండు మూడు వారాలకు చెట్ల కింద వంగి చూడండి. క్యారెట్ ఆకులా చీలికలున్న ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుని ఉంటాయి, కాడ ఇంకా లేచి ఉండదు. పీకాల్సింది అప్పుడే. వాన వెలిసిన మర్నాడైతే వేరుతో సహా ఊడొస్తుంది, ఎండిన మొరం నేలలో లాగితే మొదలు దగ్గర తెగిపోతుంది, మళ్లీ మిషన్ కోత కథే. గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, మాస్క్ తప్పనిసరి. పూత రానివి కంపోస్టులో వేయొచ్చు, పూసినవాటిని సంచిలో కట్టి బయటికి తీసేయాలి. నెలకోసారి మళ్లీ తిరగండి, గింజలు మట్టిలో ఏళ్లతరబడి ఉంటాయి కాబట్టి ఒక్క ఏడాదితో తేలదు.

పీకిన చోటు ఖాళీగా వదలొద్దు. చలికాలంలో తంటెం (తగిరిస) కాయలు ఏరి పెట్టుకుని వానలకు ముందు చల్లండి, మనం లేతాకు కూర వండుకునే మొక్కే, గుబురుగా పెరిగి దీన్ని లేవనివ్వదు.

కలుపు మందు, ఉప్పునీళ్లు చెట్ల కింద వద్దు, కింద మొలిచే వేప పిల్లలూ పోతాయి. వయ్యారిభామ ఆకుల మీద గోధుమ రంగు చారల పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి, దీన్ని తినడానికే మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది.

మీ ఆయన్ని మాత్రం ఈ పనికి తీసుకెళ్లొద్దు. చర్మ డాక్టరుకు చూపించండి, పూత ఉన్నన్నాళ్లు ఆయన నడక వేరే దారిలో పెట్టించండి.