ఎలుకలకు మందు పెట్టాక గదిలో గెంతే పురుగులు కుడుతున్నాయి. ప్లేగు వస్తుందా?

సామాన్ల గదిలో ఎలుకల మందు పెట్టారు. ఆ తర్వాత అందులోకి వెళ్లినవాళ్లకల్లా చీలమండల దగ్గర దద్దుర్లు వచ్చాయి. ఎవరో ప్లేగు మాట ఎత్తేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. మీరు చెప్పినదాన్నిబట్టి అవి ఎలుకల మీద బతికే ఫ్లీలే, అంటే నెత్తురు తాగే, గెంతే చిన్న పురుగులే అనిపిస్తోంది. ప్లేగు గురించి మాత్రం మరీ బెంగపడకండి. మన దేశంలో 1994లో సూరత్, 2002లో సిమ్లా జిల్లా, 2004లో ఉత్తరకాశీ, ఇలా ఎప్పుడో అరుదుగా బయటపడింది. చిత్తూరు, కోలార్, కృష్ణగిరి కలిసే ప్రాంతంలో ఎలుకలనీ ఫ్లీలనీ పట్టి పరీక్షిస్తూ నిఘా కూడా పెట్టారు.

తాడేపల్లిగూడెం దగ్గర మా పెదనాన్నగారి పెంకుటింట్లో ఇదే జరిగింది. ధాన్యం గదిలో మందు పెట్టించి, ఇంటికి తాళం వేసి అందరూ హైదరాబాద్ వచ్చేశారు. వేసవిలో వెళ్లి తలుపు తీసి, తెల్ల సాక్సులతో లోపల నిలబడ్డాను. చూస్తుండగానే ఆవగింజంత కూడా లేని గోధుమరంగు చుక్కలు సాక్సుల మీదికి గెంతాయి. వేళ్లతో పట్టుకుందామంటే జారిపోతాయి. ఒళ్లు రెండు పక్కల నుంచీ నొక్కినట్టు పలచగా, గట్టిగా ఉంటుంది, రెక్కలుండవు. సెల్లో టేపుకి అంటించి సబ్బు నీళ్లలో వేశాం. మూలల్లో ఊడ్చిన నల్లటి నలుసుల్ని తడి దూదిపై పెడితే ఎర్రగా కరిగాయి. అవి ఫ్లీల రెట్టలు, అంటే అరిగిన నెత్తురే.

ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే ఫ్లీలు దాన్ని వదిలేసి వెచ్చటి ఒంటి కోసం వెతుక్కుంటాయి. ప్లేగు ఎలుక నుంచి ఎలుకకు ఫ్లీల ద్వారానే పాకుతుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సీమోన్ అనే ఫ్రెంచ్ వైద్యుడు చూపించాడు. పిల్ల పురుగులు నెత్తురు తాగవు. నేల పగుళ్లలో ఉంటూ ఆ రెట్టలూ దుమ్మూ తిని, గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో నెలల తరబడి ఆగగలవు. అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే బయటికొస్తాయి. తాళం వేసిన ఇల్లు తీయగానే కుట్టేది అందుకే.

అన్నీ ఒక జాతి కాదు. ప్లేగుకు పేరుపడ్డ ఎలుకల ఫ్లీ జెనోప్సిల్లా కియోపిస్ పులిసిడే కుటుంబానిది. చిట్టెలుకల మీద ఎక్కువగా ఉండే లెప్టోప్సిల్లా సెగ్నిస్ వేరే, లెప్టోప్సిల్లిడే కుటుంబం. అది మనిషిని అరుదుగా కుడుతుంది. భూతద్దంలో చూస్తే దాని చెంప కింద దువ్వెన పళ్లలాంటి ముళ్లు కనిపిస్తాయి, కియోపిస్‌కి అవి ఉండవు. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే ముందు దాని మీద చూడండి, ఇళ్లలో కుట్టేవి చాలాసార్లు పిల్లి ఫ్లీలే.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ముందు ఫ్లీలు, తర్వాతే ఎలుకలు. ఫ్లీలు ఉండగా ఎలుకల్ని చంపితే అవి మన మీద పడతాయి. చచ్చిన ఎలుకని గ్లౌజులతో తీసి, కవర్లో మూతి గట్టిగా కట్టి పాతిపెట్టండి. గదంతా, ముఖ్యంగా గోడల మొదళ్లూ పగుళ్లూ, వాక్యూమ్ చేసి ఆ సంచిని కట్టేసి పారేయండి. గోనెలు, పాత బట్టలు వేడినీళ్లలో ఉతకండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లని ఎదిగిన ఫ్లీలని చంపే మందుతో పాటు పైరిప్రాక్సిఫెన్ లాంటి, పిల్ల పురుగుల్ని ఎదగనివ్వని మందు కూడా కొట్టమని అడగండి. గూళ్లలో దాగినవి తర్వాత వస్తాయి కాబట్టి రెండోసారి కొట్టించక తప్పదు. పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పిల్లులకు విషం, పిల్లి ఉంటే అది వాడొద్దు. ఆ తర్వాత బోన్లు పెట్టి, కన్నాలు మూయించండి.

కుట్టిన చోట గోకకండి. ఫ్లీ రెట్టలు గోకుడుతో ఒంట్లోకి వెళ్లి మ్యూరిన్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. రెండు వారాల్లోపు జ్వరం, తలనొప్పి, ఒంటిమీద దద్దు, లేదా గజ్జల్లో నొప్పితో బిళ్ల కట్టడం కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఎలుకలు చచ్చాయనీ, ఫ్లీలు కుట్టాయనీ మీరే ముందుగా చెప్పండి. అది తెలిస్తే సరైన యాంటీబయాటిక్ ఆలస్యం లేకుండా మొదలుపెట్టగలరు.